సముద్రం అయిపోయిన చోట

ఒడిశాలోని బరంపురం, గోసాని నువాగాంలో బట్టల కొట్టు ఢిల్లీశ్వరరావు ఇల్లు. ఆదివారం, పగలు పదకొండు గంటలు. హాల్లో చాప మీద కూతురు రింకి స్కూలు మ్యాపు పరిచి ఉంది. దాని మీదికి వంగి ఢిల్లీశ్వరరావు, ఖుర్దా రోడ్డు రైల్వేలో గుమాస్తాగా ఉన్న తమ్ముడు ప్రసాద్. గోడవారన చేటలో కందిపప్పు పోసుకుని తల్లి గౌరమ్మ. పోయినేడు తండ్రి కూర్మయ్య, గౌరమ్మతో కలిసి దుబాయ్‌లో కూతురు సుధారాణి ఇంట మూడు నెలలుండి భువనేశ్వర్ తిరిగొస్తూ విమానంలోనే కన్ను మూశాడు. ఏ తిథిలో మూశాడో అన్నదమ్ముల మధ్య ఈ రోజుకీ తేలలేదు. ఎల్లుండి ద్వాదశి, ఆ మర్నాడు త్రయోదశి. ఢిల్లీశ్వరరావు ఓపిక అడుగంటి చాలాసేపయింది.

“సరిగ్గా పట్టుకోరా. దుబాయ్ మీద ఏలు పెట్టమంటే ఇరాన్ మీద పెట్టావు.”

“మేపంతా ఒడియాలో ఉంది అన్నియ్యా. ఈ సుక్క దుబాయో దాని పక్కూరో నాకేటి తెలుస్తాది.”

“ఇరవయ్యేళ్ళు బట్టి కౌంటర్లో జనంతో ఒడియాలోనే తగువులాడతన్నావు. మూడక్షరాలు సదవలేవా. ఊఁ, కదపకు. లాగుతున్నాను. ఇదిగో భువనేశ్వర్. ఇరవయ్యారు సెంటీమీటర్లు. రాసుకో.”

“జాకెట్టు ముక్క కొలిసే టేపుతో విమానం దారి కొలుస్తన్నావు. ఫోన్లో ఉంది గదా, మూడు వేల నూట యాభై కిలోమీటర్లని.”

“నీ ఫోను ఇక్కణ్ణించి ఇక్కడికి ఎంతో సెప్తాది. మధ్యలో సముద్రం ఎక్కడ అయిపోయిందో సెప్తాదా? నాకు గావాల్సింది అది. అమ్మ సెప్పింది సముద్రం గురించి గదా.”

“మీ నాన్న కొట్లో కూడా ఇంతే. ఒకడు కొలిసిన గుడ్డ ఇంకొకడు మళ్ళీ కొలిసీవోడు. కొన్నోళ్ళు నవ్వీవోళ్ళు.”

“అమ్మా, నువ్వు మజ్జిలో దూరకు. అడిగినప్పుడు సెబుదువు గాని.”

“నానేటీ అనలేదు నాయనా. పప్పులో రాళ్ళేరుకుంటన్నాను.”

“పెన్నుతో గీత గీస్తావేటిరా ప్రసాదూ. అది రింకిది. రేపు స్కూల్లో ఇచ్చీయాల.”

“పెన్సిలే. అన్నియ్యా, అసలు ఇదంతా ఎందుకు సెప్పు. భువనేశ్వర్లో డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంది. సాయంత్రం అయిదూ ఇరవై. త్రయోదశి. దానికి తిరుగేటి?”

“అది డాక్టరు సెయ్యి పట్టుకు సూసిన టైమురా, పోయిన టైము కాదు. అయిదూ ఇరవైకి నేనక్కడే ఉన్నాను, బయట కారు పెట్టుకుని. ఫ్లాస్కులో నాన్నకి పంచదార లేని టీ. నువ్వు ఎక్కడున్నావు?”

“డ్యూటీలో ఉన్నాను. ఏడాదిలో ఇది ఎన్నోసారి అడగడం?”

“అడుగుతాను. పదకొండు మాసికాలు నువ్వు అక్కడ, నేనిక్కడ. నేను ద్వాదశికి, నువ్వు త్రయోదశికి. ఊళ్ళో మనవోళ్ళందరూ ఏటనుకుంటన్నారో తెలుసా?”

“ఏటనుకుంటారు, కూర్మయ్య గారికి నెలకి రెండు భోజనాలని. బతికుండగా షుగరని ఒక్కపూట కడుపునిండా తిననియ్యలేదు నువ్వు.”

“ఎటకారం ఆపు. ధర్మలింగం పంతులుగారు ఏటన్నారో నువ్వూ విన్నావు. మాసికాలంటే ఊరుకున్నాను, ఆబ్దికం రెండు సార్లు నేను సేయించను, ఇద్దరు కొడుకులూ ఒక తిథి తేల్చుకుని పక్కపక్కన కూసుంటేనే మీ గుమ్మం తొక్కుతాను అన్నారు. పన్నెండు గంటలకి ఫోను సేసి సెప్పాల. ఆయన మళ్ళీ అస్కా ఎల్లిపోతారంట.”

“నాకూ సెలవు కాగితం పెట్టాల. మంగళవారమా, బుధవారమా అని ఆఫీసులో అడుగుతుంటే మా నాన్న ఎప్పుడు పోయాడో లెక్క కడతన్నాం అని సెప్పలేక సస్తన్నాను.”

“అందుకే సెప్తన్నాను, పట్టుకో. పంచాంగం ప్రకారం ఆ రోజు మధ్యాన్నం రెండూ నలభై దాకా ద్వాదశి. దానికి ముందయితే నా మాట. తరవాతయితే నీ మాట. అమ్మా, ఇప్పుడు సెప్పు. మొదట్నించీ.”

“ఎన్నిసార్లు సెప్పమంటావు నాయనా. సంవచ్చరం బట్టి అదే సెప్తన్నాను.”

“ఇంకొక్కసారి.”

“కిందంతా సముద్రమే. ఎంతసేపటికీ నీళ్ళే. ఆ తరవాత సముద్రం అయిపోనాది. నేల కనిపించింది. ‘అదిగో, మన దేశం వొచ్చీసింది’ అన్నాను. ‘ఊఁ’ అన్నారు. అంతే.”

“ఆ తరవాత?”

“ఆ పిల్ల అన్నం బండి తోసుకొచ్చింది. పిలిస్తే పలకలేదు. ‘శోఇఛంతి’ అన్నాను, పడుకున్నారని. ఒడియా పిల్లే, పాపం, తలూపి ఎల్లిపోనాది.”

“నేల కనబడ్డాక బండి ఎంతసేపటికొచ్చింది?”

“పది నిమిషాలో, ఎంతో.”

“అమ్మా, ఆరో మాసికం నాడు నువ్వు నాకు అలాగ సెప్పలేదు. అన్నం బండి ఎల్లిపోయాక నేల కనబడిందన్నావు.”

“అన్నానేటి ప్రసాదూ?”

“అన్నావు. పైగా కిటికీ పక్క సీటు నాన్నది గదా. నీకెలా కనబడింది?”

“ఆయన మీంచి వొంగి సూసినాను. పెద్దదాన్ని, ఏది ముందో ఏది ఎనకో మతిలో ఉండదు. ఆయనకి ఒకటే బెంగరా. మన చికిటి ఊరోడే, ఈశ్వర్ అని, సుధారాణి వాళ్ళ బిల్డింగులో పని సేసీవోడు. బంగారం లాంటోడు. నిద్దట్లో పోనాడు. శవం పెట్టె ఇంటికి సేరడానికి పందొమ్మిది రోజులు. ఈ కాగితం తెమ్మంటారు, ఆ కాగితం తెమ్మంటారు. పెళ్ళాం ఇక్కడ పందొమ్మిది రోజులు...”

“అదంతా తెలుసమ్మా. ఇప్పుడది ఎందుకు?”

“అది సూసిన కాణ్ణించీ మీ నాన్న ‘నన్ను బరంపురం తీసుకెళ్ళిపో గౌరీ, ఇక్కడ వొద్దు’ అని ఒకటే గోల. టికెట్టు ముందుకి మార్పించింది కూడా అందుకే.”

“సరేనమ్మా, సరే. పప్పేరుకో. ఒరే, నువ్వు ఇలాగ సూడు. సముద్రం అయిపోయింది గుజరాత్ ఒడ్డున. ద్వారక పక్కనించి. దుబాయ్ నించి అక్కడికి పన్నెండు సెంటీమీటర్లు. నువ్వు కూడా సూసుకో, తరవాత మళ్ళీ అనకు.”

“పన్నెండే. ఒప్పుకున్నాను.”

“ద్వారక. కిష్ణుడి ఊరు. నాన్నకి తగిన సోటేరా, ఏటంటావు. ఆ మాట నేను ఎంతమందికి సెప్పానో. పరాయి దేశంలో పోలేదు, దేశం కళ్ళారా సూసి, ఊఁ అని పోయాడు మా నాన్న అని.”

“లెక్క సెప్పన్నియ్యా.”

“సెప్తన్నాను. టికెట్టు ప్రకారం బయల్దేరడం పదకొండున్నర. దిగడం అయిదు. అంటే అయిదున్నర గంటలు. ఇరవయ్యారుకి అయిదున్నరయితే పన్నెండుకి ఎంత? ఫోన్లో కొట్టు.”

“రెండున్నర. మీద రెండు నిమిషాలు.”

“పదకొండున్నరకి రెండున్నర కలుపు. రెండు గంటలు. రెండుకి సముద్రం అయిపోయింది. రెండూ పదికి అన్నం బండొచ్చింది, నాన్న పలకలేదు. రెండూ నలభై దాకా ద్వాదశి. ఇంకేటి నీకు అనుమానం? ఇదే లెక్క నేను ఆ రోజే కట్టాను. నువ్వే వినలేదు.”

“ఆగు. ఫోను మోగుతోంది, నీదే.”

“ఈ గిరాకీలకి ఆదివారం లేదు. ఆగ్యాఁ, ఆజి దొకాన బంద. కాలి ఆసంతు. హఉ, హఉ. కొట్టు మూసీసానని సెప్తే ఇంటికొచ్చి సీర పట్టుకెల్తాడంట. ఏటి ఆలోసిస్తన్నావు?”

“మూడు వేల నూట యాభై కిలోమీటర్లు అయిదున్నర గంటల్లో అంటే గంటకెంత?”

“ఎంత?”

“అయిదు వందల డెబ్బై.”

“అయితే ఏటి?”

“అంత మెల్లగా ఏ పెద్ద విమానమూ ఎగరదన్నియ్యా. గంటకి ఎనిమిది వందలు ఎల్లాల. ఇది పాసింజరు బండిలాగ ప్రతి టేసన్లోనూ ఆగిందేటి?”

“గాలి ఎదురుగా కొట్టుంటాది.”

“అటు నించి ఇటొచ్చేటప్పుడు గాలి ఎనక నించి తోస్తాది. ఆ టికెట్టు ఇలాగివ్వు.”

“ఇవ్వడమెందుకు, నేను సదివి సెప్పాను గదా.”

“ఇవ్వన్నియ్యా. ఏడాది బట్టి బీరువాలో తాళమేసి పెట్టావు. నేను ముట్టుకుంటే ఏటయిపోతాది?”

అది మడిచి మడిచి నలిగిన కాగితం. కూతురు దుబాయ్‌లో అచ్చు తీసి తండ్రి జేబులో పెట్టింది. తండ్రి ఒంటి మీద బట్టలతో పాటు చేతికొచ్చిన ఆ కాగితాన్ని ఢిల్లీశ్వరరావు ఎవరికీ ఇవ్వలేదు, ఎందుకని అడిగితే చెప్పలేడు. ఇప్పుడు ఇచ్చాడు, ఇష్టం లేకుండానే.

“అన్నియ్యా.”

“ఏటి?”

“నువ్వు తీసివేసినవి రెండూ ఒక గడియారం కాదు. బయల్దేరిన పదకొండున్నర దుబాయ్ టైము. దిగిన అయిదు మన టైము. ఆళ్ళ గడియారం మనకంటే గంటన్నర ఎనక. అక్కడ పదకొండున్నర అంటే మనకి ఒంటిగంట. ఒంటిగంటకి లెగిసి అయిదుకి దిగింది. నాలుగు గంటలు. అయిదున్నర కాదు.”

“అలాగెలాగ. టికెట్టు మీద ఆ ముక్క రాయాలి గదా.”

“అందరికీ తెలుసని రాయరు.”

“నాకు తెలీదు. నేనెప్పుడు విమానమెక్కాను? తెలిసినోడివి ఏడాది బట్టి ఎందుకు సెప్పలేదు?”

“ఏడాది బట్టి టికెట్టు సూపించావా? ‘లెక్క నేను కట్టాను, ద్వాదశే’ అన్నావు. ఏ లెక్క అంటే కోపం. నేను అడగడం మానీసాను.”

“సరే. నీ లెక్క సెప్పు.”

“వొద్దులే అన్నియ్యా.”

“సెప్పు. కొలిసినోణ్ణి నేనే గదా. వినీసి ఊరుకుంటాను.”

“ఇరవయ్యారుకి నాలుగు గంటలు. పన్నెండుకి గంటా యాభై నిమిషాలు. ఒంటిగంటకి కలిపితే రెండూ యాభై. అప్పటికి నాన్న ‘ఊఁ’ అన్నాడు. అంటే రెండూ నలభై దాటీసింది. త్రయోదశి.”

“పది నిమిషాలు.”

“పది నిమిషాలే.”

“మేపు సరిగ్గా లేకపోవచ్చు. బల్లపరుపు కాగితం మీద గుండ్రటి భూమిని ఎలాగ కొలుస్తాం. ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే?”

“ఒక సెంటీమీటరు అంటే తొమ్మిది నిమిషాలు. అప్పటికీ ద్వాదశిలోకి రాడు నాన్న. కావాలంటే మళ్ళీ కొలు.”

“ఇంకేటి కొలుస్తాను. పదకొండు నెలలు. తెల్లారగట్ట లెగిసి, తడి పంచెతో, కొట్టు మూసుకుని, ఒక్క నెల తప్పకుండా పెట్టాను. ఒకటీ అందలేదన్న మాట. నాన్న రాని రోజున పిలిసి, వొచ్చిన రోజున కొట్లో కూసుని సీరలమ్మాను.”

“అలాగనకు.”

“మరెలాగనాల. నీకు బాగానే ఉంటాది, గెలిసావు.”

“గెలవడమేటన్నియ్యా. నాకు నాన్న కాడా? నేను పక్కన లేను. ఆయన్ని ఆఖరుగా సూసింది స్టేసన్లో, మూడు నెలల ముందు. తిథయినా సరిగ్గా పెడదామని పట్టు పట్టాను. అదొక్కటే నా సేతిలో ఉంది.”

“హఉ, సరే. నువ్వు పెట్టుకో. బుధవారం నీ ఇంట్లో నువ్వు పెట్టుకో. నేను పక్కన కూసోను.”

“అదేటి. లెక్క ఒప్పుకున్నావు గదా ఇప్పుడే.”

“లెక్క ఒప్పుకున్నాను. మనసు ఒప్పుకోలేదు. త్రయోదశి నాడు కూసుంటే ఈ పదకొండూ తప్పని నా నోటితో నేను సెప్పినట్టు. నా వల్ల కాదు. ఆబ్దికం వొద్దని పంతులుగారికి సెప్పీస్తాను. ఫోనియ్యి.”

“సిన్న పిల్లాడిలాగ సేస్తన్నావు.”

“ఫోనియ్యమన్నాను.”

“అమ్మా, నువ్వయినా సెప్పు అన్నియ్యకి. అసలు నువ్వు ఒక్కసారి గడియారం సూసుంటే ఈ గొడవ లేదు గదా. నాన్న సేతికి వాచీ ఉంది. దుబాయ్ ఎల్లినా టైము మార్చలేదని అక్క నవ్వీది. మూడు నెలలూ బరంపురం టైమే. పక్కన కూసుని ఒక్కసారి సూళ్ళేదా?”

“సూళ్ళేదు.”

“నాలుగు గంటల్లో ఒక్కసారీ?”

“సూళ్ళేదన్నాను గదా ప్రసాదూ. నన్నెందుకు పీకుతారు. తండ్రి పోయిన నిమిషం కోసం కొట్టుకుంటన్నారు, ఇద్దరూ కలిసి ఒక్క ముద్ద ఆయన పేర పెట్టలేరు. ఆయన ఇల్లు సేరాడు. అది సాలదేటి మీకు.”

“ఎక్కడ సేరాడమ్మా. దారిలో పోయాడు. సరే, దేశం సూసి పోయాడు. ఆ ‘ఊఁ’ ఒక్కటే మిగిలింది నాకు. తిథి పోయినా అది పోదు. హలో, పంతులుగారా? నేను ఢిల్లీశ్వరరావునండి. అదేనండి, ఎల్లుండి...”

“ఫోను పెట్టీరా పెద్దోడా.”

“ఒక్క నిమిషమండి. ఏటమ్మా?”

“పెట్టీ. మళ్ళీ సేస్తానని సెప్పి పెట్టీ.”

“మళ్ళీ సేస్తానండి. ఏటయింది? ఆ సేట కింద పెట్టు, పప్పంతా ఒలికిపోతోంది.”

“ద్వాదశే. పంతులుగారికి ద్వాదశని సెప్పు. నీ లెక్క తప్పు గానీ నాయనా, తిథి తప్పు కాదు. నువ్వు పెట్టినవన్నీ అందినాయి.”

“అమ్మా, అన్నియ్య బాధపడతన్నాడని అలాగ సెప్పకు. లెక్కలో తేలింది గదా, రెండూ యాభై...”

“ఆయన వాచీ సూసినాను ప్రసాదూ.”

“ఇప్పుడే గదా సూళ్ళేదన్నావు.”

“సూసినాను. ఒంటిగంటకి అయిదు నిమిషాలు తక్కువ.”

“తప్పుగా సూసుంటావు. ఒంటిగంటకి గదమ్మా విమానం బయల్దేరింది.”

“అవును. ఇంకా బయల్దేరనేదు. అప్పుడే తలుపులు ఏసినారు. ఆయాసంగా ఉంది, నీళ్ళియ్యమన్నారు. నాను సీసా మూత తీసినంతలో నా బుజం మీదికి తల వాల్చీసినారు. పిలిసినాను. సెవి దగ్గర పెట్టి పిలిసినాను. ఆ పిల్ల బెల్టులు సూసుకుంటూ వొస్తంది.”

“అమ్మా.”

“‘శోఇఛంతి’ అన్నది అప్పుడేరా. అన్నం బండప్పుడు కాదు. ఆయన బెల్టు నానే పెట్టినాను. సాలువా గెడ్డం దాకా కప్పినాను. సెయ్యి నా సేతిలోనే పెట్టుకున్నాను.”

“నాలుగు గంటలు అలాగే కూసున్నావా. ఎవరికీ సెప్పకుండా. ఏడవకుండా.”

“ఏడిస్తే తెలిసిపోద్ది గదా ప్రసాదూ. తెలిస్తే దింపీసీవోళ్ళు. మళ్ళీ కాగితాలు, పెట్టె, పందొమ్మిది రోజులు. తీసుకెళ్ళిపో గౌరీ అన్నారు, తీసుకొచ్చీసినాను. పోలీసులు పట్టుకుంటారేమోనని ఇన్నాళ్ళూ నోరు ఇప్పలేదు. ఆ తరవాత మీ ఇద్దర్నీ సూసి, సెప్తే ఎవరో ఒకరి మనసు ఇరుగుతాదని ఇప్పలేదు.”

“అమ్మా, మరి... సముద్రం అయిపోయాక. ద్వారక దగ్గర. ‘అదిగో మన దేశం’ అని నువ్వంటే నాన్న ‘ఊఁ’ అన్నాడు గదా. అన్నాడని సెప్పావు గదా.”

“ఆ మాట అన్నది నానే నాయనా. ‘ఊఁ’ అన్నదీ నానే. ఎవరో ఒకరు అనాలి గదా.”